బోర్డు మీద 60 కిలోవాట్లు, కారుకి అందేది 22: గోదావరి డెల్టాలో ఒక హైవే ఛార్జింగ్ స్టేషన్ కేస్ స్టడీ

16వ నంబరు జాతీయ రహదారి మీద తణుకు, రావులపాలెం మధ్య ఒక హోటల్. ఆవరణలో 60 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ ఛార్జర్ ఒకటి, దానికి రెండు సీసీఎస్‌2 గన్నులు (కారుకి తగిలించే ప్లగ్గులు). గోడకి 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ ఇంకొకటి. ఫోన్ మ్యాపులో ఈ స్టేషన్ ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది. అయినా భోగికి ముందు రెండు రోజులూ ఇక్కడ ఇద్దరి వెనక నిలబడ్డ కారుకి వంతు రావడానికి రెండున్నర గంటలు దాటింది. హోటల్ యజమాని అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఇంకో మెషిన్ పెట్టించాలా?

పెట్టించాలి, కానీ ఇప్పుడు కాదు. అదే కేబుల్ మీద, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండో మెషిన్ పెడితే రెండూ కలిసి ఆగిపోతాయి. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరు మార్గదర్శకాల్లో హైవేకి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకూ ఒక స్టేషన్ ఉండాలని రాశారు. అది మ్యాపు మీద చుక్కల లెక్క. దారిలో ఉన్నవాడికి కావాల్సింది, తను చేరిన గంటకి ఆ గన్నులోంచి వచ్చే కిలోవాట్లు. డెల్టాలో ఈ రెండు లెక్కలకీ మధ్య దూరం చాలా ఉంది. ఎందుకున్నదో ఈ ఒక్క సైటులోనే తెలిసిపోయింది.

రద్దీ ఇక్కడే ఎందుకు

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి రావులపాలెం ఇంకో 130 దాకా. 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు హైవే మీద 90 వేగంలో, నలుగురు మనుషులతో, సామానుతో యూనిట్‌కి 6 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. విజయవాడలో 80 శాతానికి నింపుకుని బయల్దేరితే రావులపాలెం చేరేసరికి 22 యూనిట్లు పోయి, మీటరు 26 శాతం దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి అమలాపురం వైపు, రాజోలు వైపు, ముమ్మిడివరం వైపు ఇంకో 35 నుంచి 60 కిలోమీటర్లు. లెక్క ప్రకారం చేరిపోవచ్చు. కానీ ఊళ్లో ఫాస్ట్ ఛార్జర్ లేదని తెలిసినవాడు, చేరేసరికి 10 శాతమో అంతకన్నా తక్కువో మిగిలేలా కోనసీమలోకి దిగడు. అందుకే గోదావరి పాయ దాటేలోపే ఆగుతాడు. విజయవాడ వైపు నుంచి వచ్చే ప్రతి కారూ ఇంచుమించు ఇదే శాతంతో ఈ 25 కిలోమీటర్ల ముక్కలోనే ఆగుతుంది.

తిరుగు ప్రయాణంలో ఒత్తిడి ఇంకా ఎక్కువ. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా. జనం ఆ రోజు కదలరు, మర్నాడు ముక్కనుమకి అందరూ ఒకేసారి బయల్దేరతారు. మామూలు వారంలో రోజుకి నాలుగైదు కార్లు చూసే స్టేషన్‌కి ఆ ఒక్క మధ్యాహ్నమే తిరిగెళ్లే కార్లన్నీ వస్తాయి.

క్యూ లెక్క

ఇంకా తక్కువగా, 15 శాతంతో వచ్చి 80 శాతంతో వెళ్లే కారుకి 26.3 యూనిట్లు పట్టాలి. 60 కిలోవాట్ల మెషిన్‌లో 30 చొప్పున రెండు మాడ్యూళ్లుంటాయి (ఏసీని డీసీగా మార్చే పెట్టెలు). రెండు గన్నులూ పనిలో ఉంటే చెరి 30. అంటే ఒక్కో కారుకి 53 నిమిషాలు, బండి తీసి ఇంకో బండి పెట్టడానికి 10 నిమిషాలు. ఆరు గంటల్లో 11 కార్లు వెళ్లిపోతాయి. రద్దీ రోజుకి అది సరిపోదు గానీ, తిట్లు తినాల్సినంత తక్కువా కాదు.

అసలు జరుగుతున్నది వేరు. మెషిన్ తెర మీద చూస్తే కారుకి 22 కిలోవాట్లే వెళ్తున్నాయి, అదీ ఒక్క గన్నుకే. 26.3 యూనిట్లకి 72 నిమిషాలు, మార్పిడితో 82. ముందు ఇద్దరుంటే 164 నిమిషాల తర్వాత గానీ మూడోవాడు గన్ను పట్టుకోలేడు. ఆరు గంటల్లో నాలుగు కార్లు. రెండో గన్ను ఖాళీగా ఉన్నట్టు యాప్ చూపిస్తుంది, పెడితే ఛార్జ్ ఎక్కదు. వాచ్‌మన్ పొద్దున్నుంచీ అందరికీ ఒకటే చెబుతున్నాడు: "రెండోది పెట్టకండి బాబుగారూ, పెడితే మొదటిది కూడా ఆగిపోద్దండి."

మొదటి లోపం: మాడ్యూలు

మెషిన్ వెనక తలుపు తీయగానే రెండు మాడ్యూళ్లలో పై దాని దీపం ఎర్రగా ఉంది. ఫ్యాన్ బేరింగ్ బిగుసుకుపోయి, వేడెక్కి, తనంతట తనే ఆగిపోయింది. కిందిది నడుస్తోంది గానీ గాలి అందక 30 ఇవ్వాల్సిన చోట 22 దగ్గర తగ్గించుకుని నడుస్తోంది. కారణం కింద ఫిల్టరులో ఉంది. బయటికి లాగితే బూడిదరంగు మందపాటి బొంతలా వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా, అక్కడక్కడ మెరుస్తూ ఉంది. అది రోడ్డు దుమ్ము కాదు, ఊక బూడిద. తణుకు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లులు సార్వా ధాన్యం మర పట్టే నెలల్లో గాలిలో ఇది ఉంటూనే ఉంటుంది. కంపెనీ మాన్యువల్లో రాసిన మూడు నెలల శుభ్రత గడువు ఇక్కడ చెల్లదు.

మాడ్యూలు చెడిందా, దాని గూడు చెడిందా తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మెయిన్ ఆపి, తాళం వేసి, లోపలి కెపాసిటర్ల ఛార్జ్ దిగడానికి 10 నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకుని, పై మాడ్యూలు కిందికీ కిందిది పైకీ మార్చాలి. ఎర్ర దీపం మాడ్యూలుతో పాటు కదిలితే లోపం మాడ్యూలుది. అదే గూట్లో ఉండిపోతే వెనకాల కనెక్టరుది. ఇక్కడ దీపం మాడ్యూలుతో పాటే కిందికి వచ్చింది. ఫ్యాన్ మార్చడంతో లేచింది. ఫిల్టర్లు రెండు సెట్లు పెట్టి, మిల్లులు నడిచే కాలంలో వారానికోసారి, మిగతా కాలంలో 15 రోజులకోసారి ఒకటి ఉతికి ఆరేసే లోపు రెండోది తొడిగే ఏర్పాటు చేశారు. గాలి పీల్చే జాలీ దగ్గర కాగితం ముక్క పెడితే అది అతుక్కుని నిలబడాలి. జారిపోతే ఫిల్టరు తీయాల్సిన రోజు వచ్చినట్టే. ఈ పరీక్ష వాచ్‌మన్ చేయగలడు.

ఆ సాయంత్రం రెండు గన్నులూ చెరి 30 ఇచ్చాయి.

రెండో లోపం: రాత్రి రెండు గంటల వోల్టేజి

అసలు జబ్బు అప్పుడు బయటపడింది. 60 కిలోవాట్లూ పూర్తిగా లాగడం మొదలయ్యాక, అర్ధరాత్రి దాటాక మెషిన్ ఆగడం మొదలుపెట్టింది. ఒక నిమిషంలో దానంతట అదే మళ్లీ లేస్తుంది, తెర పచ్చగా వస్తుంది, కానీ కారుకి నడుస్తున్న సెషన్ అప్పటికే ముగిసిపోయింది. మళ్లీ యాప్‌లో నొక్కాలి. సీటు వాల్చి నిద్రపోయిన కుటుంబం తెల్లారి లేచి చూసుకుంటే 41 శాతం.

ఈ మెషిన్ ఇన్‌పుట్ 415 వోల్టులకి 10 శాతం అటూ ఇటూ తట్టుకుంటుంది. అంటే కింది హద్దు 373. సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 410 ఉంది. రాత్రి రెండింటికి 388. ఈ పడిపోవడానికి కారణం ఊరందరికీ తెలుసు. అదే 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద రొయ్యల చెరువులున్నాయి. చీకటి పడ్డాక నీటిలో ఆక్సిజన్ తయారవడం ఆగిపోతుంది, తెల్లవారుజాముకి అడుగంటుతుంది. కనక నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లన్నీ ఆ వేళకే తిరుగుతాయి. పట్నంలో రాత్రి లోడు తగ్గి వోల్టేజి పెరుగుతుంది. చెరువులున్న ఫీడర్లో రాత్రే తగ్గుతుంది. పట్నం అనుభవంతో, రాత్రి ఛార్జింగ్ నిశ్చింత అని ఇక్కడ లెక్కేస్తే దెబ్బతింటాం.

అయినా 388 హద్దుకి పైనే ఉంది. మిగతా వోల్టులు ఎక్కడ పోయాయి? కేబుల్లో.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెషిన్‌కి 110 మీటర్లు. వేసింది 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్. 60 కిలోవాట్లు బయటికి ఇవ్వాలంటే మెషిన్ లోపలికి 64 తీసుకుంటుంది. 415 వోల్టుల దగ్గర అది 90 ఆంప్స్. కేబుల్ కొన్నవాళ్లు రేటింగ్ పట్టిక చూశారు, దాదాపు సరిపోయింది, వేసేశారు. పొడవు చూడలేదు. వేడెక్కిన 35 చదరపు కేబుల్ నిరోధం కిలోమీటరుకి 1.11 ఓమ్‌లు, 110 మీటర్లకి 0.122. 

ఛార్జర్ హీటరులా కాదు. వోల్టేజి తగ్గితే పవర్ తగ్గించుకోదు, కరెంటు పెంచుకుంటుంది. చివర 366 వోల్టులే అందుతుంటే 102 ఆంప్స్ లాగుతుంది. త్రీ ఫేజ్ లెక్కలో వచ్చే 1.732ని 102తోనూ 0.122తోనూ గుణిస్తే కేబుల్లో పోయేది (డ్రాప్) 21.5 వోల్టులు. 388లోంచి తీసేస్తే 366. హద్దు 373. మెషిన్ ఆగింది. ఆగగానే లోడు పోయింది, కేబుల్లో డ్రాప్ పోయింది, చివర మళ్లీ 388 కనిపించింది, మెషిన్ లేచింది. పగలు ఖాళీ మెషిన్ దగ్గర మీటరు పెట్టి చూసిన ప్రతివాడికీ వోల్టేజి బాగానే ఉన్నట్టు కనిపించింది ఇందుకే. ఈ రీడింగు తీయాల్సింది రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య, రెండు గన్నులకీ కార్లు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ చివరా మెషిన్ చివరా ఒకే నిమిషంలో.

కేబుల్ 120 చదరపుకి మార్చారు. దాని నిరోధం 110 మీటర్లకి 0.036 ఓమ్‌లు, డ్రాప్ 6 వోల్టులు. చివర 382. మెషిన్ తెల్లవార్లూ ఆగలేదు.

పాత కేబుల్ విప్పేటప్పుడు ఇంకొకటి కనిపించింది. ఎంసీసీబీ (పెద్ద బ్రేకరు) టెర్మినల్ రాగి, కేబుల్ చివర బిగించే లగ్గు అల్యూమినియం, మధ్యలో ఏమీ లేదు. మధ్య ఫేజు మీద పసుపు స్లీవు గోధుమరంగుకి తిరిగి, అంచు పెళుసై, గోరు తగిలితే రాలుతోంది. తేమ గాలిలో రాగి, అల్యూమినియం నేరుగా తగిలితే జాయింటు తినేసుకుంటుంది, వేడెక్కుతుంది. కొత్త కేబుల్‌కి రాగి, అల్యూమినియం రెండూ కలిపి చేసిన బైమెటల్ లగ్గులు, హైడ్రాలిక్ క్రింపింగ్, టార్క్ రెంచితో బిగింపు. మూడు నెలలకోసారి ఫుల్ లోడు మీద థర్మల్ కెమెరాతో చూడాలి. మూడు ఫేజుల మధ్య వేడిలో తేడా కనిపిస్తే అక్కడ లగ్గు వదులైనట్టు.

ట్రాన్స్‌ఫార్మర్, ట్యాపు

హోటలుకీ ఛార్జరుకీ కలిపి ఉన్నది 100 కేవీఏ. ఏసీలు, వంటగది, బోరు మోటారు కలిసి 40 దాకా, ఛార్జర్ 65. పండగ సాయంత్రం మొత్తం 105. ఛార్జింగ్‌కి విడి సర్వీసు, దానికి విడిగా 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కోసం విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు వేయించారు. ఒక్క మెషిన్‌కి 160 ఎక్కువే, రేపు రెండు మెషిన్లయితే 129, అప్పటికీ చాలుతుంది.

కొత్త దానికి, బయటికొచ్చే వోల్టేజిని మెట్లుగా మార్చే ఆఫ్-లోడ్ ట్యాప్ స్విచ్ ఉంది, మెట్టుకి 2.5 శాతం. ఒక మెట్టు ఎక్కిస్తే రాత్రి 388 కాస్తా 398 అవుతుంది. రెండు మెట్లు ఎక్కించేద్దాం అనే ఆశ పుడుతుంది, ఎక్కించకూడదు. పగలు చెరువుల లోడు లేనప్పుడు ఇదే లైను 425 చూపిస్తుంది. ఒక మెట్టుతో 436, ఫేజుకి 251. రెండు మెట్లతో ఫేజుకి 257 దాటి, గోడ మీద 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ ఓవర్ వోల్టేజి చూపించి ఆగుతుంది. దాని హద్దు 253.

కరెంటు పోయినప్పుడు హోటల్లో ఉన్న 62.5 కేవీఏ జనరేటర్ మీద 60 కిలోవాట్ల మెషిన్ నడవదు. జనరేటర్ లేవగానే మెషిన్ గరిష్ఠం 30కి దిగేలా సెట్టింగ్ పెట్టి, చేంజోవర్ స్విచ్ కాంటాక్టుతో కలిపారు. ఒక కారుకైనా పని జరుగుతుంది.

మంచు, నీరు, ఎర్తు

జనవరి తెల్లవారుజామున ఈ రోడ్డు మీద మంచు గట్టిగా పడుతుంది. గన్ను పిన్నుల మీద చెమ్మ చేరితే, కారు కలిపిన వెంటనే మెషిన్ చేసే ఇన్సులేషన్ పరీక్షలో తప్పుతుంది. సెషన్ మొదలవకుండానే లోపం చూపిస్తుంది. దానికి స్ప్రేలు కొట్టకూడదు. పైన రేకు పందిరి, గన్ను ముఖం కిందికి వంగి ఉండే హోల్డరు, పొడి నూలు గుడ్డ చాలు.

డెల్టా నల్లమట్టిలో ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. తడి ఎక్కువ కాబట్టి ఎర్త్ నిరోధం తేలిగ్గా ఒక ఓమ్ దగ్గరికి వచ్చేస్తుంది. అదే తడి, సముద్రం వైపు ఉప్పుతో కలిసి, జీఐ పట్టీని (జింకు పూత ఇనుప పట్టీ) జాయింటు దగ్గర తినేస్తుంది. ఇక్కడ గోతిలో ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది, పైకి తెచ్చే పట్టీ బోల్టు దగ్గర తెగిపోయి ఉంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 9 వోల్టులు. ఏసీ ఛార్జర్ మొదటి నుంచీ పనిచేయకపోవడానికి కారణం అదే. పట్టీ మార్చి, జాయింటు వెల్డు చేసి, తారు పూశాక 2 వోల్టులకి దిగింది.

కేబుల్ కాలువలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి. పైపు నోరు మూయకపోతే ఆ పైపే కాలువలా మారి నీటిని మెషిన్ అడుగుకి తెస్తుంది. 750 మిల్లీమీటర్ల లోతు, ఇసుక పరుపు, మెషిన్ వైపు ఎత్తుగా వాలు, రెండు చివరలా సీలింగ్ ముద్ద. ఇక లంకల వైపు, ఏటిగట్టు లోపల స్టేషన్ పెట్టేవాళ్లు 2022 జూలై వరద నీరు ఆ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దానికి పైన దిమ్మ కట్టాలి. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ మాట వినగానే మెయిన్ ఆపి, మాడ్యూళ్లు తీసి పైకి చేర్చే మనిషి ఎవరో ముందే అనుకుని ఉండాలి.

క్యూ నడపడం

మెషిన్ బాగయ్యాక కూడా రద్దీ రోజున మనిషి కావాలి. 80 నుంచి 100 శాతానికి 8 యూనిట్లే, కానీ చివర్లో కారే తగ్గించుకుంటుంది కాబట్టి 40 నిమిషాలకి పైగా పడుతుంది. దాదాపు ఇంకో కారుకి పట్టే సమయం అది. వెనక ఎవరైనా ఉంటే 80 దగ్గర తీసేయాలన్న బోర్డు, అది చెప్పగల మనిషి, రాసుకునే పుస్తకం పెట్టారు. యాప్ మొదలవ్వక ఆగిపోయిన కార్లు కూడా క్యూలో సగం చిరాకుకి కారణం. పండగ జనంతో టవరు నిండిపోతే మెషిన్‌లోని ఒక్క సిమ్‌కి సిగ్నల్ అందదు. రెండు సిమ్‌ల రౌటరు, మేనేజరు దగ్గర మెషిన్‌కి చూపించి నడిపే ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు ఉంచి, యాప్ మొరాయిస్తే కార్డుతో మొదలుపెట్టి కౌంటర్లో డబ్బు తీసుకుంటున్నారు.

ఊళ్లో ఉన్న మందు

ఈ స్టేషన్ మీద భారం తగ్గించే అసలు ఉపాయం హైవే మీద లేదు, కోనసీమ ఇళ్లల్లో ఉంది. అత్తారింట్లోనో అమ్మమ్మగారింట్లోనో మూడు రాత్రులు ఉండే కారుకి 3.3 కిలోవాట్ల మామూలు ప్లగ్గు చాలు. పది గంటల్లో 33 యూనిట్లు. అది ఉందని తెలిస్తే వచ్చేవాడు 26 శాతంతో ధైర్యంగా ఊరికి వెళ్లిపోతాడు, ముక్కనుమ నాడు నిండా నింపుకుని బయల్దేరి ఏలూరు దాటాక గానీ ఆగడు. రెండు వైపులా ఈ ముక్క మీద ఒక్కో ఆగడం తగ్గుతుంది.

కానీ పాత ఇళ్ల ప్లగ్గులు 15 ఆంప్స్‌ని పది గంటలు మోయలేవు. వాటితో ఎప్పుడో అరగంట గీజరు వాడి ఉంటారు, అంతే. మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి విడిగా 20 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, మంచి రకం 16 ఆంప్స్ సాకెట్ వేయించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. గంట తర్వాత ప్లగ్గు మీద చేయి పెడితే వెచ్చగా ఉండొచ్చు, చేయి ఉంచలేనంత ఉంటే ఆపేయాలి. చాలా ఇళ్లలో కారు పోర్టబుల్ ఛార్జర్ ఎర్ర దీపం చూపించి మొండికేసేది ఎర్త్ లేకే. ఒకప్పుడు కుళాయి గొట్టానికి ఎర్త్ వైరు కట్టి సరిపెట్టారు. ఇప్పుడా గొట్టాలు ప్లాస్టిక్‌వి అయిపోయాయి, వైరు మాత్రం అలాగే వేలాడుతోంది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత చూపిస్తుందో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్యా ఇంచుమించు అంతే చూపించాలి. లేకపోతే పెరట్లో కొత్త గొయ్యి తీయాల్సిందే. ఇంటి సర్వీసు మంజూరు లోడు ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే పెంచమని ముందే దరఖాస్తు పెట్టాలి.

దారిలో ఉన్నవాళ్లు ఈ కేసు నుంచి తీసుకోవాల్సినవి కొన్ని. పచ్చ చుక్కని నమ్మకుండా, ఆ మెషిన్ మీద చివరి సెషన్ ఎప్పుడు జరిగింది, ఎన్ని కిలోవాట్లు వచ్చాయి అన్నది యాప్‌లో చూడాలి, లేదా ఫోన్ చేసి అడగాలి. ఒకే మెషిన్ ఉన్నచోటికి, దాని తర్వాత ఇంకో 40 కిలోమీటర్లు వెళ్లగల ఛార్జ్ మిగిలేలా చేరాలి. 216వ నంబరు రహదారి మీద కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా మచిలీపట్నం వైపు వెళ్లేవాళ్లకి చెరువుల ప్రాంతం చాలా దూరం తగులుతుంది. అక్కడ తెల్లవారుజామున కాక, మధ్యాహ్నం ఛార్జ్ చేసుకునేలా ప్రయాణం వేసుకుంటే మంచిది.

ఈ సైటులో మిగిలిన పని ఒకటుంది. జనవరిలో తీసిన 388 వోల్టుల రీడింగు ఏడాదంతటికీ అడుగు మట్టం కాదు. ఎండాకాలం పంటకి చెరువులన్నీ నిండుగా ఉంటాయి, వేడి నీటిలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, ఏరేటర్లు ఇంకా ఎక్కువ తిరుగుతాయి, ఇళ్లలో ఏసీలూ తోడవుతాయి. అందుకే ఏప్రిల్లో వరసగా ఏడు రాత్రులు, ఒంటిగంట నుంచి నాలుగు దాకా, ఫుల్ లోడు మీద రీడింగులు తీసి, వాటితో కలిపి ఫీడరు మార్పు కోసం సబ్‌స్టేషన్‌లో అర్జీ పెట్టాలనీ, అది తేలేదాకా రెండో మెషిన్‌కి ఆర్డరు ఇవ్వొద్దనీ యజమానికి రాసి ఇచ్చారు.